పాత కారుకు కొత్త కాళ్లు!

స్పీడ్‌బ్రేకర్ ఎక్కితే 'టక్'... గుంతలో పడితే 'ధడ్'... స్టీరింగ్ తిప్పితే 'కిర్ర్'... వయసు మీదపడ్డ కారు మూలిగేది ఎక్కువగా ముందు చక్రాల దగ్గరే. ఆ మూలుగు అర్థమైతే, చేతిలో నాలుగు పానాలుంటే, తొందరలేని ఒక ఆదివారం దొరికితే ఆ వైద్యంలో చాలావరకు ఇంటి ముంగిట్లోనే చేసుకోవచ్చు. కాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే చాలదు, ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి!

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. కార్ల విషయంలో మాత్రం ఈ సామెత అన్ని ఇళ్లలోనూ చెల్లదు. ఇంటికి పెద్దకొడుకులా వచ్చిన మొదటి కారును అమ్ముకోవడానికి చాలామందికి మనసొప్పదు. పెళ్లికూతుర్ని దింపింది అదే. అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తింది అదే. పిల్లలు డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. అమ్మితే వచ్చే డబ్బు ఓ మంచి ఫోన్‌కు కూడా సరిపోకపోవచ్చు. అలాగని వదిలేస్తే నడిపినప్పుడల్లా లొడలొడమంటుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే 'ముందు భాగం మొత్తం మార్చేయాలి సార్' అంటాడు. మొత్తం అంటే ఏమిటి? అన్నీ నిజంగా అరిగాయా? వీటికి జవాబు కారు యజమానికి తెలియకపోతే రెండు నష్టాలు. ఒకటి, అక్కర్లేనివి మార్చి జేబు ఖాళీ చేసుకోవడం. రెండోది ఇంకా ప్రమాదం... అక్కరైనది మార్చకుండా రోడ్డెక్కడం.

మనకు బాగా తెలిసిన బండి మారుతి 800నే ఉదాహరణగా తీసుకుందాం. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి కారు తాళాలు కొన్నాయనకు అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ స్వయంగా అందించారు. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. హైదరాబాద్‌లాంటి నగరాల్లో కొత్త కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్ నుంచే అమ్మకాలు నిలిచిపోయాయి. ఈ మధ్యకాలంలో తయారైనవి 25 లక్షలకు పైనే. అందులో ఎన్నో బళ్లు నేటికీ మన జిల్లా కేంద్రాల్లో, మండలాల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఆల్టో, జెన్‌లాంటి కార్ల ముందు భాగమూ ఇంచుమించు ఇదే పద్ధతిలో ఉంటుంది. కాబట్టి ఇక్కడ చెప్పుకునే సూత్రాలు వాటికీ పనికొస్తాయి.

ఒక్క కాలి మీద నిలబడే చక్రం

అంబాసిడర్ రోజుల్లో ముందు చక్రాలను మోసింది టార్షన్ బార్లు. అంటే మెలితిరిగి మళ్లీ యథాస్థితికి వచ్చే ఉక్కు కడ్డీలు. పద్మినిలో పైనొకటి, కిందొకటి ఆర్ములు, మధ్యలో స్ప్రింగు. ఆ బళ్లకు క్రమం తప్పకుండా గ్రీజు గన్నుతో గ్రీజు కొట్టించాలి. మర్చిపోతే కీళ్లు పట్టేసేవి.

మారుతి 800తో ఇంటింటికీ పరిచయమైంది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు రూపకల్పన ఇది. 1940ల్లో జనరల్ మోటార్స్‌లో ఒక చిన్నకారు కోసం పనిచేస్తూ దీనికి ప్రాణం పోశాడు. ఆ కారు ఆగిపోవడంతో ఫోర్డ్‌కు మారాడు. 1950లో బ్రిటన్‌లో ఫోర్డ్ విడుదల చేసిన కాన్సల్, జెఫిర్ కార్లు దీన్ని ప్రపంచానికి చూపించాయి. ఆ తర్వాత చిన్నకార్లన్నీ అదే దారి పట్టాయి. కారణం సులువే. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ, ఇంజినుకు చోటెక్కువ.

బానెట్ ఎత్తి చూస్తే ఇంజినుకు చెరోవైపు గుండ్రని దిమ్మెలు కనిపిస్తాయి. స్ట్రట్ పైకొస అక్కడే బిగించి ఉంటుంది. ఆ స్ట్రట్ లోపలే షాక్ అబ్జార్బర్. దాని చుట్టూ కాయిల్ స్ప్రింగు. కింది కొస చక్రాన్ని పట్టి ఉంచే నకిల్‌కు రెండు బోల్టులతో బిగుస్తుంది. నకిల్ అడుగున లోయర్ ఆర్మ్. మనిషి ఒంటితో పోలిస్తే స్ట్రట్ కాలెముక, స్ప్రింగు కండ, లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ మడమ కీలు. ఆర్మ్ రెండో కొసలో రబ్బరు బుష్ ఉంటుంది. అది మోకాలి చిప్ప దగ్గరి గుజ్జు లాంటిది. చక్రాన్ని కుడిఎడమలకు తిప్పే పని టైరాడ్ ఎండ్‌ది.

ఇక స్టెబిలైజర్ బార్. రెండు చక్రాలనూ కలుపుతూ కారు కింద వంపుగా వెళ్లే ఇనుప కడ్డీ. మలుపుల్లో బండి ఒరగకుండా చూడటమే దీని పని అనుకుంటారు చాలామంది. మారుతి 800లో దీనికి ఇంకో ముఖ్యమైన పని ఉంది. లోయర్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టి ఉంచేది కూడా ఇదే. అందుకే దీని బుష్‌లు పాడైతే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం కాస్త వెనక్కి జరిగి 'టక్' మంటుంది.

చప్పుడును బట్టి జబ్బు

డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు ముందు చప్పుడు వినాలి. కిటికీ అద్దాలు దించి, పాటలు ఆపి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపితే సగం సంగతి తెలిసిపోతుంది.

* చిన్న గతుకుల మీద 'లొడలొడ' అంటే స్టెబిలైజర్ బుష్‌లు లేదా బాల్ జాయింట్ మీద అనుమానం.

* బ్రేకు వేయగానే, వదలగానే ఒక్కో 'టక్' వినిపిస్తే ఆర్మ్ బుష్‌నో, స్టెబిలైజర్ కొసనో చూడాలి.

* నిలబెట్టిన కారులో స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు 'ట్ంగ్' మని ఎగిరినట్టు శబ్దం వస్తే స్ట్రట్ పైనుండే మౌంటు, బేరింగు పట్టేశాయని అర్థం.

* గుంత దాటాక కూడా కారు ముక్కు ఊయలలా ఊగుతుంటే షాక్ అబ్జార్బర్లు అయిపోయినట్టే.

* స్టీరింగ్ పూర్తిగా తిప్పి కారు కదిలిస్తే 'టకటకటక' మంటే మాత్రం అది సస్పెన్షన్ కాదు. డ్రైవ్ షాఫ్ట్ కీలు. ఈ తేడా తెలియక మంచి షాక్ అబ్జార్బర్లు మార్చుకున్న వాళ్లున్నారు.

* వేగాన్ని బట్టి పెరిగే 'హూ...' అనే రొద చక్రం బేరింగుది.

టైర్లు కూడా సాక్ష్యం చెబుతాయి. అరచేత్తో టైరు చుట్టూ తడిమి చూడండి. అక్కడక్కడా గిన్నెల్లా గుంటలు తగిలితే షాక్ అబ్జార్బర్ పనిచేయక చక్రం ఎగిరెగిరి పడుతోందన్నమాట. లోపలి అంచో, బయటి అంచో మాత్రమే అరిగితే చక్రాల దిశ తప్పింది. దానికి మూలం అరిగిన టైరాడ్ ఎండ్ కావచ్చు, బుష్ కావచ్చు. మూలాన్ని వదిలేసి ఎలైన్‌మెంట్ ఒక్కటే చేయిస్తే నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది.

చేత్తో పట్టి చూస్తే...

చెవి చెప్పినదాన్ని చెయ్యి నిర్ధారించాలి. మొదటి పరీక్షకు జాకీ కూడా అక్కర్లేదు. కారు ముందు మూలన రెండు చేతులూ ఆనించి బలంగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి, ఒకసారి దిగి నిలబడిపోతే బాగున్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ బలహీనపడింది. టార్చి వేసి స్ట్రట్ గొట్టాన్ని చూడండి. ఆయిల్ కారి, దానికి మట్టి పట్టి నల్లటి బురదలా ఉంటే ఇక ఆలోచించనక్కర్లేదు. పలుచటి చెమ్మ మాత్రమే ఉంటే కొన్నాళ్లు ఆగొచ్చు.

రెండో పరీక్షకు కారు లేపాలి. లేపి స్టాండు మీద నిలిపాక చక్రాన్ని గడియారంలా ఊహించుకోండి. 12 దగ్గర ఓ చెయ్యి, 6 దగ్గర ఓ చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపండి. ఆడితే బాల్ జాయింట్ కావచ్చు, చక్రం బేరింగ్ కావచ్చు. రెంటిలో ఏదో తేల్చడానికో చిట్కా ఉంది. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. ఆట ఆగిపోతే బేరింగు. అలాగే ఉంటే బాల్ జాయింట్. ఇప్పుడు 9, 3 దగ్గర పట్టుకుని ఊపండి. ఆడితే టైరాడ్ ఎండ్ లేదా స్టీరింగ్ ర్యాక్. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు ఆ కీలు మీద వేలు పెట్టి చూస్తే ఎక్కడ కదులుతోందో తెలిసిపోతుంది.

రబ్బరు బుష్‌లకు టామీ రాడ్డో, పొడవాటి స్క్రూడ్రైవరో ఆనించి మెల్లగా పెకలించి చూడాలి. రబ్బరు పగిలినా, ఇనుము నుంచి విడిపోయినా మార్చాల్సిందే. బాల్ జాయింట్‌కు ఉండే రబ్బరు తొడుగు చిరిగిందేమో కూడా చూడండి. తొడుగు చిరిగితే గ్రీజు బయటికి, మట్టి, వాననీళ్లు లోపలికి. అప్పటికి ఆట లేకపోయినా ఆ కీలుకు రోజులు దగ్గరపడ్డట్టే.

లొడలొడ వేరు.. ప్రాణగండం వేరు

అరిగిన భాగాలన్నీ ఒకటి కాదు. స్టెబిలైజర్ బుష్ అరిగితే చప్పుడు, చిరాకు. షాక్ అబ్జార్బర్ పోతే అంతకంటే ఎక్కువే. చక్రం రోడ్డును వదిలి ఎగురుతుంటుంది కాబట్టి బ్రేకు వేసినప్పుడు కారు ఆగే దూరం పెరుగుతుంది. తడి రోడ్డు మీద ఇది మరీ ప్రమాదం. బాల్ జాయింట్, టైరాడ్ ఎండ్‌ల సంగతి ఇంకా వేరు. బాల్ జాయింట్ గూటిలోంచి ఊడిందంటే చక్రం ఒక్కసారిగా పక్కకు మడుచుకుపోయి, కారు ముక్కు రోడ్డుకు ఆనుతుంది. టైరాడ్ ఎండ్ ఊడితే స్టీరింగ్ ఒకవైపు, చక్రం ఇంకోవైపు. అది ఇంటి గేటు దగ్గర జరిగితే అదృష్టం. హైవే మీద లారీ పక్కన జరిగితే? అందుకే ఈ రెంటిలో ఆట కనిపిస్తే 'వచ్చే నెల చూద్దాం' అన్న మాటే వద్దు. డబ్బు ఒక్కదానికే సరిపోతుందనుకున్నప్పుడు మొదటి ఓటు వీటికే.

కొనేముందు...

భాగాల కోసం హైదరాబాద్ వాళ్లకు రాణీగంజ్, పుత్లీబౌలి ఉన్నాయి. విజయవాడలో ఆటోనగర్ ఉండనే ఉంది. మారుతి 800 విడిభాగాలకు ఇప్పటికీ కొరత లేదు. కంపెనీ సొంత పేరుతో వచ్చేవి కాక, షాక్ అబ్జార్బర్లు చేసే గాబ్రియల్, స్టీరింగ్ కీళ్లు చేసే రాణే లాంటి పాత భారతీయ సంస్థల సరుకు కూడా దుకాణాల్లో దొరుకుతుంది. పేరులేని చౌక రబ్బరు మాత్రం వద్దు. కొత్తలో మెత్తగా బాగానే ఉంటుంది. ఎండకూ నూనెకూ తొందరగా పగిలి, చేసిన పని మళ్లీ చేయిస్తుంది.

కారు తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు దుకాణంలో చెప్పండి. వీలైతే విప్పిన పాత భాగాన్ని చేతిలో పట్టుకెళ్లడం మేలు. ఈ కారులో బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. కాబట్టి కీలు పోతే ఆర్మ్ మొత్తం మార్చడమే సరైన పద్ధతి. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడూ జతగా మార్చాలి. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది అయితే బ్రేకు వేసినప్పుడు కారు ఒకవైపు లాగుతుంది. స్ట్రట్ ఎలాగూ విప్పుతున్నప్పుడు పైనుండే మౌంటు, దుమ్ము తొడుగు, బంప్ స్టాప్ రబ్బరు కూడా మార్చేయడం తెలివైన పని. వాటి ఖర్చు తక్కువ, వాటికోసం మళ్లీ విప్పే శ్రమ ఎక్కువ.

జాకీని నమ్మొద్దు!

ఇక పని. అన్నింటికంటే ముందు గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే. జాకీ కారును లేపడానికే. మోయడానికి కాదు. కారు బరువు 650 కిలోల చుట్టూ ఉంటుంది. చిన్నకారే కదా అనుకోవద్దు. అందులో సగానికి పైగా ముందు భాగానిదే. జాకీ జారితే చెయ్యి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చి పని కానిచ్చేవాళ్లు కనిపిస్తుంటారు. ఇటుక ముందు చెప్పి పగలదు. మంచి ఇనుప స్టాండ్లు రెండు కొనుక్కుంటే జీవితాంతం ఉంటాయి.

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేల, ఏటవాలు ర్యాంపు పనికిరావు. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లో, చెక్క దిమ్మెలో అడ్డం పెట్టాలి. చక్రం నట్లను కారు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి. తర్వాత లేపి, బాడీ కింద కంపెనీ సూచించిన గట్టి చోట స్టాండ్లు పెట్టాలి. ఆర్మ్ కింద పెట్టకూడదు. ఎందుకంటే మనం విప్పబోయేది దాన్నే! పెట్టాక కారును పక్క నుంచి గట్టిగా ఊపి చూడండి. కదలకపోతేనే చెయ్యి లోపలికి. విప్పిన చక్రాన్ని కూడా కారు బాడీ కింద పడుకోబెట్టండి. అది రెండో కాపలా.

ముందు వైపు రెండు చక్రాలూ ఒకేసారి లేపడం మంచిది. ఒక్కవైపే లేపితే స్టెబిలైజర్ బార్ మెలితిరిగి, బోల్టులు రావడానికి మొరాయిస్తుంది.

పానా పట్టాక..

ఈ కారులో ఎక్కువగా అవసరమయ్యేవి 12, 14, 17, 19 నంబర్ల పానాలు. వాటితో పాటు సాకెట్లు, పొడవు హ్యాండిల్, సుత్తి, ప్లయర్స్, టామీ రాడ్డు. పాత కారంటే తుప్పు ఉంటుంది. ముందురోజు రాత్రే బోల్టులన్నింటినీ వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే తెల్లారేసరికి సగం పని అయిపోయినట్టే. విప్పేముందు ప్రతి భాగాన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. వాషర్ ఏ వైపు తిరిగి ఉందో బిగించేటప్పుడు జ్ఞాపకం రాదు.

లోయర్ ఆర్మ్: ముందు స్టెబిలైజర్ బార్ కొసన ఉండే స్ప్లిట్ పిన్ను లాగేసి, గాళ్ల నట్టు విప్పాలి. తర్వాత బాల్ జాయింట్ కాడను నకిల్‌లో బిగించి ఉంచే బోల్టు. దాన్ని వదులు చేస్తే చాలదు. పూర్తిగా బయటికి లాగాలి. ఎందుకంటే ఆ బోల్టు కాడకున్న గాడిలోంచి వెళ్తుంది. బోల్టు ఉండగా సుత్తితో ఎంత కొట్టినా కాడ రాదు సరికదా, నకిల్ పాడవుతుంది. చివరగా ఆర్మ్ లోపలి కొస బోల్టు తీసి, ఆర్మ్‌ను టామీతో కిందికి వంచితే ఊడివస్తుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు ఇదే క్రమం వెనక నుంచి. బాల్ జాయింట్ కాడ నకిల్‌లోకి పూర్తిగా వెళ్లాలి. బోల్టు చేత్తోనే సాఫీగా దూరితే గాడి సరిగ్గా కుదిరినట్టు. దూరకపోతే బలవంతం చేయకుండా కాడను సర్దాలి. కొత్త స్ప్లిట్ పిన్ను మాత్రమే వాడాలి. పాతదాన్ని సుత్తితో చదును చేసి మళ్లీ దూర్చడం పిసినారితనం కూడా కాదు, ప్రమాదం.

టైరాడ్ ఎండ్: తీసేముందు లాక్‌నట్టును కొద్దిగా వదులు చేసి, అది ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టుకోవాలి. స్ప్లిట్ పిన్ను, గాళ్ల నట్టు తీశాక కాడ తేలిగ్గా రాదు. మరపైన సుత్తితో కొడితే మర చెడుతుంది. నకిల్ చెవి పక్కన నాలుగు దెబ్బలు గట్టిగా వేస్తే పట్టు వదులుతుంది. పుల్లర్ అద్దెకు దొరికితే ఇంకా మంచిది. పాత ఎండ్‌ను ఎన్ని చుట్లు తిప్పి తీశారో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించాలి. ఎలైన్‌మెంట్ సెంటర్ దాకా కారు తిన్నగా వెళ్లడానికి ఇది చాలు.

స్ట్రట్: బ్రేకు పైపును స్ట్రట్‌కు పట్టి ఉంచే క్లిప్పు ముందు తీయాలి. నకిల్ దగ్గరి రెండు బోల్టులూ, తర్వాత బానెట్ కింద పైనట్లూ విప్పితే స్ట్రట్, స్ప్రింగు కలిసి ఒకే ముక్కగా బయటికొస్తాయి. ఈలోపు నకిల్‌ను తీగతో పైకి కట్టి ఉంచాలి. వదిలేస్తే బ్రేకు పైపు సాగుతుంది. డ్రైవ్ షాఫ్ట్ లోపలి కీలు విడిపోనూవచ్చు.

స్ప్రింగుతో ఆటలొద్దు

స్ట్రట్ పైన మధ్యలో ఒక నట్టు కనిపిస్తుంది. చూస్తే చెయ్యి దురద పుడుతుంది. దాన్ని ముట్టుకోవద్దు! బయటికి తీసిన స్ట్రట్‌లో కూడా స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. దాన్ని ఆపి ఉంచుతున్నది ఆ ఒక్క నట్టే. స్ప్రింగును సాధనంతో నొక్కిపెట్టకుండా నట్టు విప్పితే మౌంటు తూటాలా ఎగురుతుంది. పళ్లు, దవడలు, కళ్లు పోగొట్టే దెబ్బ అది. తాళ్లతో కట్టడం, తీగ చుట్టడం లాంటి సొంత తెలివితేటలు ఇక్కడ పనికిరావు.

ఇంటి పని ఆగాల్సిన చోటు ఇదే. ఊడదీసిన స్ట్రట్లు రెండూ, కొత్త భాగాలూ సంచీలో వేసుకుని ఆటోలో దగ్గర్లోని వర్క్‌షాపుకు వెళ్లండి. వాళ్ల దగ్గర స్ప్రింగు నొక్కే మిషను ఉంటుంది. కళ్లముందే మార్చి ఇస్తారు. స్ట్రట్లు విప్పి తీసుకెళ్లినందుకు కూలీ కూడా తగ్గుతుంది.

బరువు మీదే ఆఖరి బిగింపు

చాలామంది చెయ్యి తిరిగిన వాళ్లు కూడా పట్టించుకోని విషయం ఒకటుంది. ఆర్మ్ బుష్‌లోని రబ్బరు లోపలి గొట్టానికీ, బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు ఆ రబ్బరు మెలితిరుగుతుంది. కారు గాలిలో ఉండి, చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బోల్టు బిగించేస్తే రబ్బరు ఆ భంగిమలోనే స్థిరపడుతుంది. కారు దించగానే మెలిక పడుతుంది. అంటే బండి కదలకుండా నిలబడ్డా రబ్బరు రోజంతా నలుగుతూనే ఉంటుంది. కొత్త బుష్ కొద్ది నెలలకే చిరిగిపోవడానికి కారణం చాలాసార్లు నాసిరకం సరుకు కాదు, ఈ తొందరే.

అందుకే ఆర్మ్ లోపలి బోల్టు, స్టెబిలైజర్ బుష్‌ల బోల్టులను ముందు ఓ మోస్తరుగా బిగించి, చక్రాలు ఎక్కించి, కారు నేల మీదికి దించాక ముందు భాగాన్ని రెండుమూడుసార్లు నొక్కి వదలాలి. అప్పుడు ఆఖరి బిగింపు. ఎంత బలంతో అన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. టార్క్ రెంచి అద్దెకైనా తెచ్చుకోవాలి. గాళ్ల నట్టుకు పిన్ను రంధ్రం కుదరకపోతే కొంచెం ముందుకు బిగించాలే తప్ప వెనక్కి వదులు చేయకూడదు.

రోడ్డెక్కేముందు

ముందుగా ఇంటి చుట్టుపక్కల రెండు కిలోమీటర్లు నెమ్మదిగా. బ్రేకు వేసి చూడండి, స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. తిరిగొచ్చాక బోల్టులన్నింటి మీదా మరోసారి పానా వేయండి. ఆ తర్వాత సరాసరి ఎలైన్‌మెంట్‌కు. ఈ కారులో సర్దుబాటు ఉండేది చక్రాలు ముందువైపు లోపలికి తిరిగాయా, బయటికా అన్నదానికే. అది టైరాడ్ల దగ్గరే చేస్తారు. మిగతా కోణాలు తేడా చూపిస్తే ఏదో భాగం వంగిందనో, అరిగిందనో అర్థం. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి అన్నీ సరిచూసుకుంటే ఇక నిశ్చింత.

ఇంతా చేస్తే మిగిలేదెంత? కూలీ డబ్బు కొంత మిగులుతుంది. పానాలకూ స్టాండ్లకూ పెట్టిన ఖర్చుతో మొదటిసారి అది సమం కావచ్చు. అసలు లాభం వేరే ఉంది. 15 ఏళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆ ఫీజును 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేసింది. అంత కట్టి ఇంకో ఐదేళ్లు ఉంచుకోవాలా, తుక్కుకు ఇచ్చేయాలా అన్నది ప్రతి పాత కారు ఇంట్లోనూ ఓ రోజు చర్చకొస్తుంది. కింద దూరి, ప్రతి కీలునూ చేత్తో పట్టి చూసినవాళ్లకు ఆ నిర్ణయం తేలిక. అరిగింది నాలుగు రబ్బరు ముక్కలా, లేక బాడీ అడుగే తుప్పు తినేసిందా అన్నది వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆర్మ్ బిగించే చోట ఇనుము పొరలు పొరలుగా రాలుతుంటే కొత్త భాగాలు ఎన్ని వేసినా దండగే. అప్పుడు మనసు రాయి చేసుకోవాలి. అడుగు గట్టిగా ఉంటే మాత్రం ఒక ఆదివారం శ్రమతో ఆ కారు మరికొన్నేళ్లు ఇంటిల్లిపాదినీ భద్రంగా మోస్తుంది.

మరవకూడనివి

* స్టాండ్లు లేకుండా కారు కిందికి తల, చెయ్యి పెట్టొద్దు. ఒంటరిగా చేయొద్దు. పిలిస్తే పలికే దూరంలో ఒకరుండాలి.

* బాల్ జాయింట్, టైరాడ్ ఎండ్‌లలో ఆట ఉంటే మార్చేదాకా కారు తీయొద్దు.

* స్ట్రట్ మధ్యనట్టు, స్ప్రింగు పని వర్క్‌షాపుకే.

* షాక్ అబ్జార్బర్లు జతగా. స్ప్లిట్ పిన్నులు ప్రతిసారీ కొత్తవి.

* బుష్ బోల్టుల ఆఖరి బిగింపు కారు చక్రాల మీద నిలబడ్డాకే.

* బోల్టు రాకపోయినా, మర చెడినా, అనుమానం వచ్చినా అక్కడే ఆపి మెకానిక్‌ను ఇంటికి పిలవండి. సగం విప్పిన కారును నడిపి తీసుకెళ్లొద్దు.